ఐల్ ఆఫ్ వైట్ స్టీమ్ రైల్వే, కాల్‌బోర్న్ ఇంజన్: గుంతకల్లు ఫైర్‌మన్ రివ్యూ

ముందు తీర్పు చెప్పేస్తాను, వివరాలు తర్వాత. ఇంగ్లండ్‌లో పిల్లల దగ్గరికి వచ్చి మ్యూజియంలూ మాల్సూ తిరిగి కాళ్ళు పీకుతున్నవాళ్ళు ఒక్క రోజు చూసుకుని, ఇంగ్లండ్ దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో ఉన్న స్టీమ్ రైల్వేకి వెళ్ళండి. వెళ్ళేముందు ఆ రోజు ఏ ఇంజన్ డ్యూటీలో ఉందో కనుక్కోండి. కాల్‌బోర్న్ అయితే టికెట్ కొనండి. కాకపోతే ఇంకో రోజుకి పెట్టుకోండి. అంత పట్టింపు దేనికో చెప్పడానికే ఇదంతా.

నా సంగతి రెండు ముక్కల్లో. గుంతకల్లు షెడ్డులో క్లీనరుగా చేరి, మీటర్‌గేజి వైజీ ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా బొగ్గు వేసి, తర్వాత డీజిలు, ఆ తర్వాత ఎలక్ట్రిక్ నడిపి, మెయిల్ డ్రైవరుగా రిటైరయ్యాను. అమ్మాయి కాపురం పోర్ట్స్‌మత్‌లో. మే నెలలో రాయలసీమ ఎండలో ఫైర్‌బాక్సు తలుపు ముందు నిలబడ్డవాడికి ఆవిరి ఇంజన్ మీద కవిత్వం పుట్టదు. పొగ కనబడగానే ఫోన్లు ఎత్తే జనం మధ్యలో నేను చూసేది పంపు సరిగ్గా కొడుతోందా, రాడ్లు సిలిండర్లోంచి బయటికొచ్చే గ్లాండ్ల దగ్గర ఆవిరి కారుతోందా అని. ఈ రివ్యూ ఆ కంటితో రాసింది.

పోర్ట్స్‌మత్ హార్బర్ స్టేషన్‌ని ఆనుకునే పడవ రేవు ఉంది. ఎక్కితే అరగంట కాకముందే అవతల దీవిలోని రైడ్ ఊరు. సౌత్‌సీ నుంచి హోవర్‌క్రాఫ్ట్ కూడా ఉంది, అది పది నిమిషాల పని. మా ఆవిడకి ఆ హోరు పడదని పడవే ఎక్కాం. రైడ్ దగ్గర సముద్రం లోతు తక్కువ, పోటు తగ్గితే ఇసుక మేట చాలా దూరం బయటపడుతుంది. అందుకని 1814లోనే సముద్రంలోకి పొడుగాటి వంతెన కట్టి ఓడలు అక్కడే ఆగేలా చేశారు. తర్వాత దాని పక్కనే రైలు పట్టాలు కూడా వేశారు. పడవ దిగి నాలుగడుగులు వేస్తే రైలు. ఆ రైలు కూడా మామూలుది కాదు, లండన్ డిస్ట్రిక్ట్ లైన్‌లో తిరిగి రిటైరైన పెట్టెల్ని బాగుచేసి 2021 నుంచి ఇక్కడ నడుపుతున్నారు. రైడ్ ఊరి కిందున్న సొరంగం ఎత్తు తక్కువ, పెద్ద పెట్టెలు పట్టవు. 1967లో ఈ లైనుకి కరెంటు వచ్చిన దగ్గర్నుంచీ లండన్ అండర్‌గ్రౌండ్‌లో పనైపోయిన పెట్టెలే ఇక్కడికి వస్తున్నాయి.

స్మాల్‌బ్రుక్ జంక్షన్‌లో దిగండి. ఈ స్టేషన్‌కి రోడ్డు లేదు. ఊరూ లేదు. చుట్టూ చెట్లు, ఇటు ఎలక్ట్రిక్ బండి ప్లాట్‌ఫారం, అటు స్టీమ్ బండి ప్లాట్‌ఫారం. 1991లో బండి మారడం కోసమే కట్టారు, స్టీమ్ బండ్లు నడిచే రోజుల్లో మాత్రమే ఎలక్ట్రిక్ బండి ఇక్కడ ఆగుతుంది. కాబట్టి కారులో వచ్చేవాళ్ళు ఫోనులో స్మాల్‌బ్రుక్ అని కొట్టకండి, హేవెన్‌స్ట్రీట్ అని కొట్టండి. అసలు స్టేషనూ, షెడ్డూ, టిఫినూ అన్నీ అక్కడే.

ఇక్కడ రైల్వేవాళ్ళకి మాత్రమే రుచించే ముక్క ఒకటి ఉంది, మిగతావాళ్ళు దాటేయొచ్చు. రైడ్ నుంచి స్మాల్‌బ్రుక్ దాకా ఒకప్పుడు రెండు లైన్లు. వేసవిలో సెలవులకొచ్చే జనం విపరీతం కాబట్టి అప్పుడు ఇక్కడి సిగ్నల్ క్యాబిన్ తెరిచి, డబుల్ లైనుగా వాడేవాళ్ళు. చలికాలం క్యాబిన్‌కి తాళం. అప్పుడు అవే రెండు పట్టాలూ విడివిడి సింగిల్ లైన్లు, ఒకటి వెంట్నర్ బండ్లకి, ఇంకొకటి న్యూపోర్ట్ బండ్లకి. సీజన్‌కో రకం వర్కింగ్! మన దగ్గర ఇలాంటి ప్రతిపాదన పెడితే ఫైలు డివిజన్ ఆఫీసు మెట్లు కూడా ఎక్కదు.

సరే, ఇంజను. ప్లాట్‌ఫారం మీద నిలబడగానే ముందు వినబడేది కూత కాదు, పంపు. చిమ్నీ పక్కన పొగపెట్టెకి ఎడమవైపు నిలువుగా బిగించిన వెస్టింగ్‌హౌస్ గాలి పంపు. బండి ఆగి ఉన్నా అది ఊరుకోదు, ఆయాసం ఉన్న మనిషిలా ఒక లయలో రొప్పుతూనే ఉంటుంది. బ్రేకు వేసి వదిలాక రొప్పు పెరుగుతుంది, గాలి నిండాక మళ్ళీ నెమ్మదిస్తుంది. నేను స్టీమ్ మీద చేసిన రోజుల్లో మాకు వాక్యూం బ్రేకే, పైపులోంచి గాలి లాగేసే దాని ఎజెక్టర్ చప్పుడు వేరు. ఇంగ్లండ్‌లో కూడా ఈ ఇంజన్ల యజమాని సదరన్ రైల్వే స్టీమ్ బండ్లకి వాక్యూమే వాడేది. ఈ దీవిలోని పాత కంపెనీలు మాత్రం అప్పటికే గాలి బ్రేకు పెట్టుకున్నాయి. 1923లో సదరన్ రైల్వే ఈ లైన్లని తీసుకున్నప్పుడు దాన్ని మార్చకుండా, బయట నుంచి తెచ్చిన ఇంజన్లకే పంపు బిగించింది. అలా వచ్చిన పంపు ఇది. ఎడమవైపు నీళ్ళ ట్యాంకు మీద పొడుగ్గా పడుకున్న సిలిండరు దాని గాలి రిజర్వాయరు. ఫొటోల్లో చాలామంది అదేదో అలంకారం అనుకుంటారు.

కాల్‌బోర్న్ ఓ2 క్లాస్ ఇంజను. లండన్ అండ్ సౌత్ వెస్టర్న్ రైల్వేకి విలియం ఆడమ్స్ గీసిన డిజైను. 1889 నుంచి 1895 దాకా లండన్‌లోని నైన్ ఎల్మ్స్ వర్క్‌షాపులో అరవై తయారయ్యాయి. ఇది 1891 డిసెంబరుది, అప్పటి నంబరు 209. ఆ అరవైలో ఈ రోజుకి మిగిలింది ఇదొక్కటే. ఇంత పట్టింపు అందుకే. డెబ్భై ఏళ్ళకి పైగా ఆఫీసులకీ స్కూళ్ళకీ బీచీలకీ జనాన్ని మోసిన ఒక రకం బండిలో ఆఖరిదాని వెనక కూర్చునే అవకాశం ఇది.

ఇది ట్యాంకు ఇంజను, అంటే వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండరు ఉండదు. నీళ్ళు బాయిలరుకి రెండువైపులా పెట్టెల్లో, బొగ్గు క్యాబు వెనక బంకర్లో. దీనికి ముందు చిన్న చక్రాలు లేవు. రెండు జతల పెద్ద చక్రాలు, ఒక్కోటి నాలుగడుగుల పది అంగుళాలు. క్యాబూ బంకరూ ఉన్న వెనక భాగం కింద నాలుగు చక్రాల బోగీ. ఆ బోగీ వల్లే ఇది వెనక్కి నడిచినా ముందుకి నడిచినంత నిలకడగా పోతుంది. అంటే టర్న్‌టేబుల్ అక్కర్లేదు. చివరి స్టేషన్లో ఇంజను విప్పడం, పక్క లైన్లో అటు చివరికి వెళ్ళడం, తగిలించడం, బయల్దేరడం. ఊరి బయట నుంచి లండన్‌కి పొద్దున్నా సాయంత్రం జనాన్ని తెచ్చే లోకల్ బండికి కావలసింది అదే కదా.

అంకెలు ఇష్టమున్నవాళ్ళ కోసం: బరువు దాదాపు 47 టన్నులు, బాయిలరు ప్రెషరు చదరపు అంగుళానికి 160 పౌండ్లు, సిలిండర్లు పదిహేడున్నర అంగుళాల వ్యాసం, 24 అంగుళాల స్ట్రోకు, నీళ్ళు 800 గ్యాలన్లు. లాగే శక్తి 17,235 పౌండ్లు. వైజీతో పోలిస్తే చిన్నపిల్ల. ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటరు కూడా లేదు. సిలిండర్లూ వాల్వ్ గేరూ అన్నీ చక్రాల మధ్యలో లోపలే, బయటికి కనిపించేది రెండు చక్రాల్నీ కలిపే రాడ్డు ఒక్కటే. మా వైజీలకి అంతా బయటే. ఆయిలు పోయాలంటే చుట్టూ తిరిగితే చాలు. దీనికి అలా కుదరదు, పిట్‌లోకి దిగాలి లేదా ఫ్రేముల మధ్యకి దూరాలి. చూడ్డానికి ముచ్చటైన ఇంజనే గానీ, పొద్దున్నే ఆయిలు పోసే కుర్రాడి నడుము సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నా.

పెట్టెలన్నీ పాతవే, విడివిడి గదులు, నడవా ఉండదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోలేరు. బాత్‌రూం కూడా లేదు. పిల్లలున్నవాళ్ళూ, మా ఆవిడలాగా షుగరున్నవాళ్ళూ హేవెన్‌స్ట్రీట్‌లో పని ముగించుకునే ఎక్కండి. కిటికీ దించాలంటే తోలు పట్టీ వదలాలి, ఎత్తాలంటే లాగి బొడిపెకి తగిలించాలి. మా మనవడికి బండి కంటే ఆ పట్టీయే నచ్చింది. ఎక్కేచోట చిన్న సూత్రం: ఇంజనుకి ఆనుకుని ఉన్న పెట్టెలో కూర్చోండి. మిగతా పెట్టెల్లో బల్లలు ఇంకా మెత్తగా ఉండొచ్చు, కానీ ఇంజను పని చెవికి అందదు.

స్మాల్‌బ్రుక్ నుంచి ఆషీ వైపు బయల్దేరినప్పుడు జాగ్రత్తగా విన్నాను. మొదట చిమ్నీలోంచి ఆవిరి నిండు దెబ్బలు, ఒక్కోటి విడిగా. పది పన్నెండు దెబ్బలకే డ్రైవరు రివర్సరుని మధ్యకి లాగి సిలిండర్లకి ఆవిరి తగ్గించినట్టున్నాడు, దెబ్బ పలచబడి దగ్గర దగ్గరగా వచ్చింది. వేగం పుంజుకున్న తీరు చూస్తే ఇది ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. మైలుకో స్టేషన్ ఉన్న లైను మీద గబగబా ఎత్తుకోవాలి, గబగబా ఆగాలి. చిన్న చక్రం, తేలిక బండి, గాలి బ్రేకు. మూడూ కలిసి ఆ పని చేస్తాయి. ఆషీలో బ్రేకు వేసినప్పుడు నిలబడ్డవాళ్ళు తూలలేదు. నలభై ఏళ్ళు బండి నడిపినవాడిగా చెబుతున్నా, ప్రయాణికుడు గమనించని బ్రేకే మంచి బ్రేకు.

ఆషీలో దిగాలంటే ముందే గార్డుకి చెప్పాలి, ఎక్కాలంటే చెయ్యెత్తాలి. అడిగితేనే ఆగే స్టేషన్ అది. ఒకప్పుడు పక్కనే గుర్రప్పందేల మైదానం ఉండేదట. ఇప్పుడు ఆవులున్నాయి. పైన కొండ మీద తెల్లటి మూడు పలకల స్తంభం కనిపిస్తుంది, 1735లో ఓడలకి గుర్తుగా కట్టింది. నడిచే ఓపికున్నవాళ్ళు దిగి చూసుకుని తర్వాతి బండికి రావచ్చు. మేము తీసుకున్న టికెట్‌తో ఆ రోజంతా ఎన్నిసార్లైనా ఎక్కి దిగొచ్చు. రేట్లు సీజన్ని బట్టి మారతాయి, వెళ్ళేముందు వాళ్ళ సైటులో చూసుకోండి.

హేవెన్‌స్ట్రీట్‌లో బండి కాసేపు ఆగింది. ఇంజను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఫైర్‌మన్ ఒక ఆడపిల్ల, మా అమ్మాయి కంటే చిన్నది. పార నిండా కాదు, సగం సగం తీసుకుని, తలుపు తెరిచి ఒక మూలకి ఒకటి, ఇంకో మూలకి ఒకటి, తలుపు మూసి, చిమ్నీ వైపు చూసింది. పొగ నల్లగా లేచి, బూడిద రంగుకి తిరిగి, పలచబడేదాకా ఆగి మళ్ళీ వేసింది. కొంచెం కొంచెం, తరచుగా. మా ఇన్‌స్ట్రక్టరు మాకు తిట్టి నేర్పింది అదే. నా తెల్ల జుట్టు చూసి ఏదో గ్రహించినట్టుంది, మీరు చేశారా అనడిగింది. ఇండియాలో చేశానంటే డ్రైవరు కూడా కిందికి వంగాడు. ఆయన వారంలో మిగతా రోజులు లెక్కలు రాసే ఉద్యోగి, ఇక్కడికి సెలవు రోజుల్లో జీతం లేకుండా వస్తాడు. ఈ రైల్వేలో ఎక్కువమంది అలాంటి వాలంటీర్లే. జీతం తీసుకుని కూడా డ్యూటీ ఎగ్గొట్టిన మహానుభావుల్ని చూసిన నాకు ఇది కొంచెం కష్టంగానే మింగుడుపడింది.

మాటలు బొగ్గు మీదికి వెళ్ళాయి. మేము కాల్చింది సింగరేణి బొగ్గు. బూడిద ఎక్కువ, గ్రేటు మీద క్లింకరు, అంటే కరిగి గడ్డకట్టిన బూడిద, పెంకులా పరుచుకునేది, గాలి అందక ప్రెషరు పడిపోయేది, రాడ్డుతో పొడిచి ఊడదీయడం సగం డ్యూటీ. వెల్ష్ బొగ్గు గురించి మాకు షెడ్డులో పెద్దవాళ్ళు స్వర్గంలో సరుకులా చెప్పేవారు. ఆ బొగ్గు ఇప్పుడు ఇక్కడే దొరకడం లేదు. వేల్స్‌లోని ఫోస్-ఎ-వ్రాన్ ఓపెన్‌కాస్ట్ గని 2023లో మూతపడింది. ఇలాంటి రైల్వేలు ఇప్పుడు విదేశీ బొగ్గు మీదా, ఉండలుగా చేసిన బొగ్గు మీదా ఆధారపడుతున్నాయి. స్టీమ్ ఇంజన్ని ప్రపంచానికి ఇచ్చిన దేశం బొగ్గు కోసం ఓడల వైపు చూడటం నాకు నవ్వొచ్చింది, ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. ఆమె టెన్షన్ ఆమెది.

ఈ ఇంజను ఈ దీవికి ఎలా వచ్చిందో హేవెన్‌స్ట్రీట్‌లో చాలాచోట్ల రాసి పెట్టారు. నాకు అర్థమైనంతలో కథ ఇది. లండన్ చుట్టుపక్కల సౌత్ వెస్టర్న్ లైన్లకి 1915 నుంచి కరెంటు రావడం మొదలయ్యాక ఓ2లకి అక్కడ పని తగ్గిపోయింది. అదే సమయంలో దీవిలో పాత కంపెనీల ఇంజన్లు అరిగిపోయి ఉన్నాయి. 1923లో సదరన్ రైల్వే రెండు ఓ2ల్ని పంపి చూసింది. బాగా కుదిరాయి. ఇంకా పంపింది, చివరికి ఇక్కడ ఇరవై మూడు చేరాయి. కాల్‌బోర్న్ 1925లో వచ్చింది. ఇక్కడికొచ్చాక బొగ్గు చాలక బంకరు పెంచారు. ఇంజను వెనక చూస్తే ఆ పెంచిన భాగం ఒంటికి సరిపోని కోటులా కాస్త బయటికి కనిపిస్తుంది. ఒక్కోదానికి దీవిలోని ఊరి పేరు పెట్టారు. షాంక్లిన్, వెంట్నర్, బ్రేడింగ్, చేల్, మెర్‌స్టోన్, కారిస్‌బ్రుక్. కాల్‌బోర్న్ కూడా ఒక పల్లెటూరే.

దీవి బయట ముప్పై ఏళ్ళకి పైగా చేసి రిటైర్మెంటుకి పంపిన బండి, ఇక్కడ ఇంకో నలభై ఏళ్ళు ఎండాకాలం రద్దీ మోసింది. వేసవి శనివారాల్లో రైడ్ నుంచి వెంట్నర్ దాకా బండి వెనక బండి నడిపేవాళ్ళు. ఈ ఇంజన్లకి ఇల్లు లండన్ కాదు, ఇదే అని నా అభిప్రాయం. ఊరికే ప్రేమతో అనడం లేదు, పని చేసిన ఏళ్ళ లెక్క అదే చెబుతోంది.

1966లో ఒక్కొక్కటీ ఆగిపోయాయి. ఫిబ్రవరిలో కౌస్ లైను మూసేశారు, ఏప్రిల్లో షాంక్లిన్ నుంచి వెంట్నర్ దాకా ఉన్న ముక్క. మిగిలిన రైడ్–షాంక్లిన్ మధ్య ఆఖరి స్టీమ్ బండి 1966 డిసెంబరు 31న నడిచింది. కాల్‌బోర్న్‌నీ, చేల్‌నీ మాత్రం వదల్లేదు. కరెంటు పనుల సామాన్లు లాగడానికి ఇంకో మూడు నెలలు వాడుకున్నారు. తనని తీసేసే పనికి తననే కూలికి పెట్టారన్నమాట. మా షెడ్డులో డీజిలు ఇంజన్ల విడిభాగాలు మోసుకొచ్చిన వైజీని చూశాను కాబట్టి ఆ రోజుల్లో డ్రైవర్లు ఏమనుకుని ఉంటారో నాకు తెలుసు, కానీ అది అచ్చు వేసే భాష కాదు.

తర్వాత వైట్ లోకోమోటివ్ సొసైటీ అనే కుర్రాళ్ళ గుంపు చందాలేసుకుని కాల్‌బోర్న్‌ని కొనుక్కుంది. 1971 జనవరిలో న్యూపోర్ట్ నుంచి తమ సామానంతా తగిలించుకుని, దీన్ని స్టీమ్‌లో పెట్టి, పట్టాలు పీకెయ్యకముందే హేవెన్‌స్ట్రీట్‌కి లాక్కొచ్చారు. చేల్‌ని దక్కించుకోలేకపోయారు, తుక్కుకి పోయింది.

ఇక్కడే ఇంకో రెండు చిన్న ఇంజన్లున్నాయి, వాటి గురించి రాయకపోతే అన్యాయం. టెర్రియర్లు. లండన్ బ్రైటన్ లైనుకి విలియం స్ట్రౌడ్లీ 1872 నుంచి 1880 దాకా చేయించిన యాభై ఇంజన్లలోవి. అవీ లండన్ లోకల్ బండ్లకోసం పుట్టినవే. ఓ2 పక్కన నిలబెడితే బొమ్మల్లా ఉంటాయి, బరువు పాతిక టన్నుల పైచిలుకు అంతే. దమ్ము మాత్రం తక్కువ కాదు. న్యూపోర్ట్ అనే ఇంజను కొత్తలో బ్రైటన్ పేరుతో 1878 పారిస్ ఎగ్జిబిషన్‌కి వెళ్ళి బంగారు పతకం తెచ్చుకుంది, ఆ తర్వాత జీవితంలో ఒక దశలో హాలిడే క్యాంపులో పిల్లలు ఎక్కి ఆడుకునే బొమ్మగా నిలబడింది. రెండోది ఫ్రెష్‌వాటర్, 1876 నాటిది. ఇది ఇంకా ఘోరం. హేలింగ్ ఐలాండ్ లైను 1963లో మూసేశాక ఒక బీరు కంపెనీ కొని, పబ్బు ముందు సైన్‌బోర్డుగా నిలబెట్టింది. పదమూడేళ్ళు అలా వానలో నిలబడి, 1979లో ఇక్కడికొచ్చి, రెండేళ్ళలో మళ్ళీ ప్రయాణికుల బండి లాగింది. పబ్బు ముందు నుంచి మెయిన్ లైనుకి వచ్చిన ఉద్యోగిని నా సర్వీసులో ఒక్కణ్ణీ చూడలేదు, ఎదురు దారిలో వెళ్ళినవాళ్ళని చాలామందిని చూశాను.

ఐవాట్ డిజైను ట్యాంకు ఇంజన్లు కూడా రెండున్నాయి, 1940ల నాటి డిజైను. గ్రేటు కదిపితే బూడిద తనంతట రాలిపోతుంది, పనివాడికి సుఖం. ఓ2లని తీసేసి దాదాపు ఇలాంటివే ఈ దీవికి తేవాలని 1960ల్లో ఒక ఆలోచన కూడా చేసి వదిలేశారు. ఫైర్‌మన్‌గా నన్నడిగితే నేను ఐవాట్ ఎక్కుతాను. ప్రయాణికుడిగా అడిగితే, దాని కోసం పడవ ఎక్కి రానక్కర్లేదు. అలాంటివి ఇంగ్లండ్‌లో వేరేచోట్లా ఉన్నాయి.

హేవెన్‌స్ట్రీట్‌లోనే ట్రెయిన్ స్టోరీ అని ఒక పెద్ద షెడ్డు ఉంది, డ్యూటీ లేని ఇంజన్లూ పెట్టెలూ అందులో పెట్టి చూపిస్తారు. చాలామంది ఇంజన్ల దగ్గర ఫొటో తీసుకుని బయటికొచ్చేస్తారు. నేను చెప్పేది, పెట్టెల దగ్గర ఆగండి. ఈ దీవిలో రైల్వే వాళ్ళు తీసేసిన పెట్టెల్ని చక్రాలు ఊడదీసి జనం ఇళ్ళుగా, బీచి గుడిసెలుగా, తోటలో కొట్టాలుగా వాడుకున్నారు. వాటిని తెచ్చి, పాత వ్యాన్ల చట్రాల మీద కూర్చోబెట్టి మళ్ళీ రైలు పెట్టెలు చేశారు. పైకప్పు వంపు, తలుపు అంచు, చెక్క అతుకు చూస్తే వడ్రంగి పనితనం తెలుస్తుంది. నేను రెండు పెట్టెల్లో అతుకు కోసం గోరు పెట్టి వెతికాను, దొరకలేదు.

మిగతా వివరాలు గబగబా. లైను మొత్తం ఐదు మైళ్ళ పైచిలుకు, స్మాల్‌బ్రుక్, ఆషీ, హేవెన్‌స్ట్రీట్, వుట్టన్. వుట్టన్‌లో పెద్దగా చూసేదేమీ లేదు, కానీ దిగండి, ఇంజను విప్పి మళ్ళీ తగిలించడం దగ్గర నుంచి చూడొచ్చు. స్క్రూ కప్లింగు బిగించి, బ్రేకు పైపు తగిలించి, కాక్ తెరవగానే పంపు ఒక్కసారి అందుకుంటుంది. ఆ క్షణం కోసం మా మనవణ్ణి భుజం మీద ఎక్కించుకున్నాను. చలికాలం ఎక్కువ రోజులు బండ్లుండవు, తేదీలు చూసుకోకుండా పడవ టికెట్ కొనొద్దు. పాత ఇంజన్లకి పదేళ్ళకోసారి బాయిలరు విప్పి పూర్తి ఓవర్‌హాల్ చెయ్యాలి, ఆ వంతు వస్తే కాల్‌బోర్న్ ఏళ్ళ తరబడి బయటికి రాదు. ఇప్పుడు నడుస్తోందా అనేది తప్పకుండా కనుక్కోండి. తిండి సంగతి మనకెందుకు టెన్షన్, మేము పులిహోర కట్టుకెళ్ళాం. పెట్టెలో కూర్చుని తింటే ఎవరూ ఏమీ అనలేదు, ఎదురుగా కూర్చున్న ముసలి జంట అదేమిటని అడిగి ఒక ముద్ద రుచి కూడా చూశారు. తెల్ల బట్టలు వేసుకోవద్దు. మొదటి పెట్టెలో కిటికీ తెరిచి కూర్చుంటే నలుసులు పడతాయి. మా ఆవిడ గంధం రంగు చీర మీద నల్ల చుక్కలకి నన్నే బాధ్యుణ్ణి చేసింది, మొదటి పెట్టె నా ఎంపిక కాబట్టి.

అల్లుడుగారు ఐదు చుక్కలు పెట్టండి మామయ్యా అన్నారు. నాలుగే పెట్టాను. ఇక్కడ ఇలాంటి రైల్వేలకి మామూలుగా గంటకి 25 మైళ్ళు దాటకూడదని నిబంధన ఉంది. ఆషీ దాటాక ఇంజను ఇంకా అడుగుతోందని చక్రాల చప్పుడే చెబుతోంది, డ్రైవరు ఇవ్వడానికి లేదు. అది రైల్వే తప్పు కాదని నాకూ తెలుసు. చట్టానికి మార్కులు తగ్గించే చోటు ఎక్కడా కనబడక ఇక్కడ తగ్గించాను.